133 దాటకుండా: విశాఖ బీచ్ రోడ్డు మీద నెమ్మది సాధన డైరీ

ఆగస్టు, మొదటి వారం

ఈ డైరీ మొదలుపెట్టడానికి కారణం నా కుడి పిక్క. రెండేళ్లలో అది నన్ను నాలుగుసార్లు ఆపేసింది. ప్రతిసారీ జరిగేది ఒకటే. మూడు వారాలు జోరుగా పరుగెత్తుతాను, నాలుగో వారం పిక్క పట్టేస్తుంది, రెండు వారాలు కుంటుకుంటూ కాలేజీకి వెళ్తాను. తగ్గగానే పోయిన రోజులు పూడ్చుకోవాలని మళ్లీ జోరు పెంచుతాను. పోయిన ఫిబ్రవరిలో ఇద్దరు స్నేహితులతో కలిసి సొంతంగా ఒలింపిక్ దూరం ట్రయథ్లాన్ చేయబోయాను. ఈత అయింది, సైకిల్ అయింది. పరుగులో ఆరో కిలోమీటరు దగ్గర పిక్క రాయిలా బిగుసుకుపోయింది. అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాను.

ఒలింపిక్ దూరం అంటే 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ట్రయథ్లాన్ మొదటిసారి చేరినప్పుడూ ఇదే దూరం, ఇప్పుడూ ఇదే. నాకు 42 ఏళ్లు. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇల్లు, కాలేజీ, పదో తరగతి చదువుతున్న అమ్మాయి, ఇవన్నీ పోగా వారానికి ఆరున్నర గంటలు దొరుకుతాయి. అందులో ఈత రెండుసార్లు, సైకిల్ రెండుసార్లు, పరుగు రెండుసార్లు.

ఈసారి పద్ధతి మార్చాను. అమెరికాకి చెందిన శిక్షకుడు ఫిల్ మాఫెటోన్ చెప్పిన 180 లెక్కతో నడుస్తాను. 180లోంచి వయసు తీసేయాలి. పెద్ద జబ్బు నుంచి కోలుకుంటున్నవాళ్లు, రోజూ మందులు వాడేవాళ్లు ఇంకో 10 తీసేయాలి. దెబ్బలు తగులుతున్నా, తరచూ జలుబు చేస్తున్నా, సాధన ముందుకి సాగకపోయినా 5 తీసేయాలి. రెండేళ్లకి పైగా ఏ ఇబ్బందీ లేకుండా మెరుగుపడుతున్నవాళ్లు 5 కలుపుకోవచ్చు. నాకు 180లోంచి 42 పోతే 138, పిక్క కోసం 5 పోతే 133. పరుగులోనైనా సైకిల్ మీదైనా గుండె వేగం నిమిషానికి 133 దాటకూడదు. దాటితే నడవాలి.

ఇది ప్రయోగశాలలో ఒక్కొక్కరినీ కొలిచి తీసిన సంఖ్య కాదు, చేతికి అందే అంచనా. అందుకే ఇంకో వైపు నుంచి సరిచూసుకున్నాను. పోయిన ఏడాది ఐదు కిలోమీటర్లు ప్రాణం పెట్టి పరుగెత్తినప్పుడు చివర్లో చూసిన గరిష్ఠం 186. అందులో 133 అంటే 71 శాతం. తేలికపాటి సాధన అని చెప్పే హద్దులోనే ఉంది. సరే, దీనికే కట్టుబడతాను.

నెలనెలా ఒక పరీక్ష పెట్టుకున్నాను. పదిహేను నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకుని, ఆర్‌కే బీచ్‌లో కాళీ గుడి దగ్గర మొదలుపెట్టి, చదునుగా ఉన్న రోడ్డు మీదే అటూ ఇటూ తిరుగుతూ 133 దగ్గర ఐదు కిలోమీటర్లు. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు కాబట్టి దారికి అడ్డం ఉండదు. మొదటి పరీక్ష ఫలితం కిలోమీటరు వారీగా, నిమిషాలు, సెకన్లలో: 8:42, 8:58, 9:12, 9:25, 9:38. సగటు 9:11. పోయిన ఏడాది నేను కిలోమీటరు ఆరున్నర నిమిషాల్లో పరుగెత్తేదాన్ని.

కిలోమీటరు కిలోమీటరుకీ వేగం ఎందుకు పడిపోతోందో నా సబ్జెక్టు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆగస్టులో విశాఖ పొద్దుట ఐదున్నరకే 28 డిగ్రీలు, గాలి నిండా తేమ. చెమట పడుతుంది గానీ ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఒంటిని చల్లబరచడానికి గుండె చర్మానికి ఎక్కువ రక్తం పంపాలి, కాళ్లకీ పంపాలి, మరోపక్క చెమట రూపంలో రక్తంలోని నీరు తగ్గిపోతూ ఉంటుంది. ఒక్కో కొట్టుకోలుకి పంపే రక్తం తగ్గేకొద్దీ కొట్టుకోవాల్సిన సార్లు పెరుగుతాయి. 133 దగ్గరే ఉండాలంటే కాళ్ల వేగం తగ్గించడం ఒక్కటే దారి.

రోజూ నన్ను చూసే ఒక పెద్దాయన, నడకలోనే నన్ను దాటుకుంటూ వెళ్లి వెనక్కి తిరిగి అడిగారు: "ఏటమ్మా, కాలు నొప్పా?" లేదండీ, కావాలనే నెమ్మదిగా వెళ్తున్నాను అన్నాను. ఆయన నమ్మినట్టు కనిపించలేదు.

ఆగస్టు, మూడో వారం

వాచీ నన్ను రెండు వారాలు తప్పుదారి పట్టించింది. తాపీగా వెళ్తున్నా మధ్యమధ్యలో గుండె వేగం ఒక్కసారిగా 167కి లేచేది. భయపడి నడిచేదాన్ని. నడవగానే పడిపోయేది. మూడో వారం అనుమానం వచ్చి అడుగులు లెక్కపెట్టాను. నిమిషానికి 168. మణికట్టు వాచీ చర్మంలోకి ఆకుపచ్చ కాంతి పంపి, రక్తం హెచ్చుతగ్గుల్ని బట్టి గుండె వేగం లెక్కకడుతుంది. చెయ్యి ఊగే లయ దానికంటే బలంగా ఉంటే అడుగులనే గుండె వేగం అనుకుంటుంది. చెమటతో వాచీ జారుతున్నప్పుడు ఇది మరీ ఎక్కువ.

ఛాతీకి కట్టుకునే పట్టీ కొన్నాను. అది గుండె విద్యుత్ సంకేతాన్ని నేరుగా పట్టుకుంటుంది. కట్టుకునే ముందు ఎలక్ట్రోడ్లు తడపాలి, వచ్చాక కడిగి ఆరబెట్టాలి. ఆ మాత్రం శ్రమకి తగిన ఫలితం ఉంది. ఈ పద్ధతి మొత్తం ఒక్క సంఖ్య మీద నిలబడి ఉంది. ఆ సంఖ్యే తప్పైతే మిగతాదంతా వృథా. నెమ్మది సాధన మొదలుపెట్టాలనుకునేవాళ్లు బూట్ల కంటే ముందు ఈ పట్టీ కొనుక్కోవాలని నా అభిప్రాయం.

మొదటి పరీక్షలో కూడా వాచీయే వాడాను కదా అని దాన్ని పట్టీతో మళ్లీ చేశాను. సగటు 9:06. తేడా పెద్దగా లేదు. ఇకమీద ఇదే నా మొదటి లెక్క.

సెప్టెంబరు, మొదటి వారం

యంత్రం మీదే ఆధారపడకుండా నోటితో చేసే పరీక్ష ఒకటి పెట్టుకున్నాను. పరుగెత్తుతూనే మాట్లాడగలగాలి, అదీ ముక్కలు ముక్కలుగా కాకుండా పూర్తి వాక్యం. పక్కన ఎవరూ ఉండరు కాబట్టి పదిహేడో ఎక్కం చెప్పుకుంటున్నాను. పదిహేడు రెళ్లు ముప్పై నాలుగు, పదిహేడు మూళ్లు యాభై ఒకటి. రెండు వరుసలు ఒకే ఊపిరిలో వస్తే తేలికలోనే ఉన్నట్టు. "పదిహేడు ఏళ్లు" దగ్గర ఊపిరి తెగితే హద్దు దాటినట్టు. 133 దగ్గర రెండు వరుసలు బాగానే వస్తున్నాయి. 140 దాటితే వరుసకో ఊపిరి. లెక్కతో వచ్చిన సంఖ్య, నోటితో వచ్చిన హద్దు దగ్గర దగ్గరగా కలవడం చూసి ధైర్యం వచ్చింది.

ఈతలో ఈ సంఖ్య పనిచేయదు. నీళ్లలో ఒళ్లు అడ్డంగా ఉంటుంది, రక్తం గుండెకి సులువుగా తిరిగి వస్తుంది, నీరు వేడిని లాగేస్తుంది. అదే కష్టానికి బీట్లు తక్కువగా కనిపిస్తాయి. పైగా నాకు ఈతలో కొరత గుండెది కాదు, చేతిది. 25 మీటర్ల కొలనులో ఒక పొడవుకి 26 సార్లు చెయ్యి వేస్తున్నాను. నడుం కిందికి దిగిపోతోంది. అందుకే ఈత రోజుల్లో గుండె వేగం చూడను, చేతులు లెక్కపెడతాను. లక్ష్యం 22.

సముద్రంలో ఈదొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. మన తీరం అలలు, లోపలికి లాగే ప్రవాహాలు తెలిసినవాళ్లెవరూ ఒంటరిగా దిగమని చెప్పరు. రుషికొండలోనైనా సరే. నేను కొలనుకే పరిమితం.

రెండో పరీక్ష: 9:08. కదలిక లేదు. నెల రోజులే కదా.

సెప్టెంబరు, నాలుగో వారం

ఇది ఎందుకు చేస్తున్నానో నాకు నేను గుర్తు చేసుకోవాల్సిన వారం. ఆదివారం సైకిల్ మీద తెన్నేటి పార్కు దగ్గర కైలాసగిరి కింద ఎత్తు ఎక్కుతుంటే 133 దాటకూడదని చిన్న గేరుకి మార్చుకుని దాదాపు పాకుతూ వెళ్లాను. మాతోపాటు వచ్చే కుర్రాళ్లు గాలిలా దాటిపోయారు. ఒకబ్బాయి ఆగి, "అక్కా, ఇలా తొక్కితే ఒళ్లు కూడా వేడెక్కదు కదా, ఏం లాభం?" అన్నాడు. రుషికొండ దగ్గర టీ తాగుతూ నాకు తెలిసింది చెప్పాను.

ఒంట్లో కార్బోహైడ్రేట్ నిల్వ తక్కువ. కండరాల్లో, కాలేయంలో కలిపి సుమారు రెండు వేల కెలోరీలు. కొవ్వు నిల్వ సన్నగా ఉన్నవాళ్లలో కూడా దానికి ఎన్నో రెట్లు. కానీ కొవ్వుని మండించాలంటే ఆక్సిజన్ బాగా అందాలి, కండర కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఎక్కువ ఉండాలి, వాటి చుట్టూ సన్నటి రక్తనాళాలు అల్లుకుని ఉండాలి. ఇవి పెరగడానికి కావాల్సింది గంటలకి గంటల తేలికైన పని. ఎక్కువ వేగంతోనూ ఇవి పెరుగుతాయి, కానీ ఆ వేగంతో వారానికి ఆరున్నర గంటలు నా పిక్క ఓర్వదు.

అమెరికా ట్రయథ్లాన్ ఆటగాడు మార్క్ అలెన్ సంగతీ చెప్పాను. హవాయి ఐరన్‌మ్యాన్ అనే చాలా పొడవైన ట్రయథ్లాన్ పోటీలో ఏళ్ల తరబడి ఓడిపోయినవాడు. మాఫెటోన్ సలహాతో గుండె వేగం 155 దాటకుండా పరుగు మొదలుపెడితే మైలుకి 8:15 పట్టింది. అంతర్జాతీయ స్థాయి ఆటగాడికి అది నడకతో సమానం. ఏడాది తర్వాత అదే 155 దగ్గర 5:20కి వచ్చాడు. 1989లో అక్కడే తన ప్రధాన ప్రత్యర్థి డేవ్ స్కాట్‌ని 58 సెకన్ల తేడాతో ఓడించాడు, మొత్తం ఆరుసార్లు గెలిచాడు. ఆ అబ్బాయి శ్రద్ధగా విన్నాడు. "మరి నీకెంత తగ్గిందక్కా?" అని అడిగాడు.

ఇంకా ఏమీ తగ్గలేదు అని చెప్పాల్సి వచ్చింది.

అక్టోబరు, రెండో వారం

మూడో పరీక్ష: 9:22.

మెరుగుపడకపోగా వెనక్కి వెళ్లాను. రెండు నెలలు ఒక్క రోజు కూడా హద్దు దాటలేదు, పిక్క నొప్పి లేదు, నిద్ర బాగానే ఉంది. అయినా ఈ ఫలితం. ఆ రోజు ఇంటికి వచ్చి చాలాసేపు మాట్లాడలేదు. మా అమ్మాయి నోట్‌బుక్ తీసుకుని నా అంకెలతో గ్రాఫు గీసింది. గీస్తూ, "అమ్మా, పొద్దున లేవగానే కొలిచే బీట్లు కూడా పెరుగుతున్నాయి చూడు" అంది. ఆగస్టులో 61 ఉండేది, ఇప్పుడు 67. నెలసరికి ముందు వారం మూడు నాలుగు బీట్లు ఎక్కువగా ఉండటం మామూలే, అది గ్రాఫులో అలల్లా కనిపిస్తోంది. కానీ అల కింద నేల కూడా పైకి లేస్తోంది.

గ్రాఫు చూశాక ఒక విషయం తట్టింది. ఆరు నెలలుగా నాకు నెలసరి ఎక్కువ రోజులు ఉంటోంది. మేడ మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోంది. వయసు అనుకున్నాను, కాలేజీ పని అనుకున్నాను.

అక్టోబరు, మూడో వారం

రక్తపరీక్ష చేయించుకున్నాను. హిమోగ్లోబిన్ 10.4. గర్భిణులు కాని ఆడవాళ్లకి 12 కంటే తక్కువైతే రక్తహీనత కింద లెక్క. ఇనుము నిల్వని చూపించే ఫెరిటిన్ 8. డాక్టరమ్మ కాగితం చూసి, "ఈ రక్తంతో ఐదు కిలోమీటర్లు పరుగెత్తుతున్నారా?" అన్నారు.

హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోసుకెళ్లే బండి. బండ్లు తక్కువైతే అదే సరుకు మోయడానికి ఎక్కువ సార్లు తిరగాలి. గుండె చేస్తున్నది అదే. నేను 133 దగ్గర ఆపుతుంటే, అందులో కొంత భాగం ఇనుము కొరతని పూడ్చడానికే పోతోంది. పాత పద్ధతిలో అయితే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు. ఆయాసం వస్తే ఇంకా గట్టిగా పరుగెత్తాలి అనుకునేదాన్ని. నెలనెలా ఒకే గుండె వేగం దగ్గర ఒకే దారి కొలవడం వల్లనే తేడా కంటికి కనిపించింది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇద్దరిలో ఒకరి కంటే ఎక్కువ. ఆ లెక్క నేను ఎప్పుడో చదివాను, నాకు సంబంధం లేనట్టు చదివాను. పరుగు, సైకిల్, ఈత మొదలుపెట్టే ఆడవాళ్లెవరైనా దయచేసి ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ చూపించుకోండి. బూట్లు ఏవి కొనాలి అని నన్ను అడిగే ప్రతి ఒక్కరికీ ఇకనుంచి ఇదే చెబుతాను.

రోజు విడిచి రోజు ఇనుము మాత్ర రాశారు. టీకి, మాత్రకి మధ్య దూరం ఉంచమన్నారు, నిమ్మరసంతో వేసుకోమన్నారు. భోజనం అవగానే టీ తాగడం నా ఇరవై ఏళ్ల అలవాటు. మానేశాను. అధిక రక్తస్రావానికి వేరే వైద్యం మొదలైంది. సాధన ఆపక్కర్లేదు, కానీ పెంచొద్దు అన్నారు. పరుగు రెండు రోజుల్లో ఒకటి నడకగా మార్చాను.

నవంబరు

అల్పపీడనాల నెల. నాలుగు రోజులు వాన, రెండు రోజులు తెరిపి. కొలను మరమ్మతులంటూ పది రోజులు మూసేశారు. గాలికి సైకిల్ మీద ఒరిగిపోతుంటే మధ్యదారిలో వెనక్కి తిరిగిన రోజులు రెండు. రాయడానికి పెద్దగా ఏమీ లేదు. మాత్రలు మింగాను, తోటకూర, నువ్వులు, రాగి జావ బాగా తిన్నాను, పదిహేడో ఎక్కం చెప్పుకున్నాను.

నెలాఖరు పరీక్ష: 8:31. లేవగానే బీట్లు 62.

డిసెంబరు, మూడో వారం

7:52.

వాచీలో ఆ అంకె చూసి రోడ్డు పక్కన నిలబడిపోయాను. అంతసేపూ ఎక్కం ఆగలేదు. ఐదో కిలోమీటరుకీ మొదటి కిలోమీటరుకీ తేడా 19 సెకన్లే. ఆగస్టులో 56 ఉండేది. కుర్సురా జలాంతర్గామి మ్యూజియం దగ్గర ఆ పెద్దాయన ఎదురొచ్చారు. "ఇప్పుడు బాగుందమ్మా కాలు" అన్నారు. బాగుందండీ అన్నాను.

కానీ ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే ప్రశ్నలు మొదలయ్యాయి. ఆగస్టుకీ డిసెంబరుకీ మధ్య మారినవి మూడు. సాధన, రక్తం, వాతావరణం. ఈరోజు పొద్దున 19 డిగ్రీలు, గాలి పొడిగా ఉంది. ఇందులో నా కాళ్ల వాటా ఎంత? పిల్లలకి ప్రయోగం నేర్పేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చాలని చెప్పే నేను, నా విషయంలో మూడు కలిసి మారినదాన్ని విజయం అని ఎలా రాసుకోను?

వాతావరణాన్ని పక్కన పెట్టడానికి ఒక మార్గం ఉంది. అక్టోబరు రెండో వారంలో, ఆ 9:22 వచ్చిన మర్నాడు, వాన పడుతోందని దగ్గర్లోని జిమ్‌లో ఏసీ 24 దగ్గర పెట్టి ట్రెడ్‌మిల్ మీద ఇదే పరీక్ష చేశాను. అప్పుడు 8:34 వచ్చింది. అంటే ఆ రోజుల్లో బయటి ఉక్క ఒక్కటే కిలోమీటరుకి 48 సెకన్లు తినేస్తోంది. ఇప్పుడు అదే జిమ్, అదే మిషను, అదే 24 డిగ్రీలు: 7:46. లాభం 48 సెకన్లు. బయట కనిపించిన లాభం 90. అంటే సగానికి కొంచెం తక్కువ చలికాలం పెట్టిన భిక్ష. మిగతా సగం సాధనది, ఇనుముది. ఆ రెంటినీ విడదీయడానికి నా దగ్గర దారి లేదు.

డిసెంబరులో నెమ్మది సాధన ఫలించిందని ఆనందపడే మిత్రులకి ఈ పేరా ప్రత్యేకంగా రాస్తున్నాను. ఎండాకాలంలో మొదలుపెట్టి చలికాలంలో కొలిస్తే ఏ పద్ధతైనా గొప్పగానే కనిపిస్తుంది. అలాగే చలికాలంలో మొదలుపెట్టి మేలో కొలిచి నిరాశపడకండి.

జనవరి, రెండో వారం

హిమోగ్లోబిన్ 12.3. ఫెరిటిన్ 31. మాత్రలు ఇంకో మూడు నెలలు కొనసాగించమన్నారు. వయసు లెక్క మార్చలేదు, 133 దగ్గరే ఉన్నాను. ఐదు నెలలుగా పిక్క పట్టలేదు. ఇన్ని వారాలు వరుసగా, ఒక్క వారం కూడా గండి పడకుండా చేయడం నా జీవితంలో ఇదే మొదటిసారి. నెమ్మదిగా వెళ్లడంలో ఉన్న అసలు బలం ఇదేనని నాకు అనిపిస్తోంది. ఈరోజు చేసినది రేపటి సాధనని పాడుచేయదు. మంగళవారం పరుగు అయ్యాక బుధవారం ఈతకి చేతులూ కాళ్లూ సిద్ధంగా ఉంటాయి, గురువారం తరగతి గదిలో నాలుగు గంటలు నిలబడగలను.

ఇప్పుడు కొంచెం జోరు కలపాలి. నార్వేలో ఆగ్డర్ విశ్వవిద్యాలయంలో పనిచేసే పరిశోధకుడు స్టీఫెన్ సైలర్ గొప్ప ఆటగాళ్ల సాధనని పరిశీలించి చెప్పిన మాట అందరికీ తెలిసిందే: పది సాధనల్లో ఎనిమిది తేలిక, రెండు కష్టం. ఇక్కడ రెండు విషయాలు చాలామంది మర్చిపోతున్నారు. ఒకటి, ఆయన లెక్కపెట్టింది గంటల్ని కాదు, సాధనల్ని. రెండు, ఆ ఆటగాళ్లు వారానికి ఇరవై గంటలు చేస్తారు. అందులో ఐదో వంతు చిన్న విషయం కాదు. నా ఆరున్నర గంటలకి ఆ నిష్పత్తి అలాగే వర్తిస్తుందని నేను అనుకోను. మరీ అంతా తేలికే ఉంటే తక్కువ సమయం ఉన్నవాళ్లకి ఒక దశ తర్వాత ఎదుగుదల ఆగిపోవచ్చు.

అందుకే ఆరింటిలో ఒకటి కష్టంగా పెట్టాను. అదీ పరుగు కాదు, సైకిల్. పిక్క మీద కుదుపు పడదు. సైలర్ బృందం సైక్లిస్టుల మీద పరీక్షించినట్టే ఎనిమిది నిమిషాల చొప్పున నాలుగుసార్లు, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి. ఆ రోజు ఎక్కం రాదు, రాకూడదు కూడా. మిగతా ఐదూ కచ్చితంగా తేలిక. ఇదివరకు నేను చేసిందంతా ఈ రెండిటికీ మధ్యలో, అటూ ఇటూ కాని వేగం. తేలిక రోజున ఎక్కువ అలసిపోయేదాన్ని, కష్టపడాల్సిన రోజున కాళ్లలో ఏమీ మిగిలేది కాదు.

ఈతలో చేతులు 23కి తగ్గాయి.

ఫిబ్రవరి, నాలుగో వారం

పోయిన ఏడాది ఆగిపోయిన దూరం మళ్లీ చేశాం. నేను, ఇద్దరు స్నేహితులు, సైకిల్ కాపలాకి మా అమ్మాయి. పోటీ కాదు, పతకం లేదు. ముందురోజు రాత్రి మాత్రం నిజంగా టెన్షన్ పడ్డాను. రెండుసార్లు లేచి సైకిల్ టైర్లలో గాలి చూశాను.

ఈత 60 పొడవులు, 41 నిమిషాలు. అలసట లేకుండా బయటికి వచ్చాను. జుట్టు తడిగానే హెల్మెట్ పెట్టుకుని బయల్దేరాను. సైకిల్ రుషికొండ, తొట్లకొండ మీదుగా భీమిలికి కొంచెం ముందు దాకా వెళ్లి వెనక్కి. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు అదే గాలి వెన్ను తట్టింది. ఆగస్టులో ఇదే దారికి 1 గంట 58 నిమిషాలు పట్టింది, ఈరోజు 1 గంట 43. హద్దు పెట్టుకోలేదు, అయినా సగటు 141 దాటలేదు. ప్రతి ఇరవై నిమిషాలకీ నీళ్లు, ప్రతి నలభైకీ ఒక ఖర్జూరం, మధ్యలో ఉప్పు వేసిన నిమ్మరసం. పోయినసారి తాగింది ఒక్క సీసా నీళ్లు మాత్రమే. బిగుసుకుపోవడానికి దానికీ వాటా ఉండొచ్చు.

సైకిల్ దిగగానే కాళ్లు చెక్క ముక్కల్లా ఉంటాయి. మొదటి రెండు కిలోమీటర్లు 133 దగ్గర పట్టి ఉంచాను, తర్వాత వదిలేశాను. ఆరో కిలోమీటరు దగ్గర ఆ ఫుట్‌పాత్ వచ్చింది. అదే మలుపు, అదే కొబ్బరిబొండాల బండి. పిక్కని చేత్తో తడుముకుంటూ దాటాను. ఏమీ కాలేదు. ఎనిమిదో కిలోమీటరుకి ఎండ ఎక్కింది, గుండె 158 దగ్గర నిలబడింది, వేగం 7:05. చివరి కిలోమీటరు 6:48. మొత్తం పరుగు 1 గంట 12 నిమిషాలు.

మార్పులకి పట్టిన సమయంతో కలిపి 3 గంటల 44 నిమిషాలు. మా అమ్మాయి నీళ్ల సీసా ఇచ్చి, "పదిహేడు ఏళ్లు?" అని అడిగింది. మూడు ఊపిర్లలో చెప్పాను. మర్నాడు పొద్దున మెట్లు మామూలుగానే దిగాను. అది నాకు 3:44 కంటే ఎక్కువ.

మార్చి, మూడో వారం

ఉక్క తిరిగి వచ్చింది. పొద్దుట ఐదున్నరకి 26 డిగ్రీలు, చెయ్యి పెడితే రెయిలింగ్ తడిగా ఉంది. ఈ రోజు కోసమే ఎదురుచూశాను. కాళీ గుడి, 133, ఐదు కిలోమీటర్లు: 7:41, 7:55, 8:06, 8:14, 8:24. సగటు 8:04.

డిసెంబరు కంటే 12 సెకన్లు నెమ్మది. ఆగస్టు కంటే కిలోమీటరుకి నిమిషం పైన తక్కువ. అయితే మార్చి ఉక్క ఆగస్టు ఉక్కతో సమానం కాదు, ఇంకా రెండు డిగ్రీల తేడా ఉంది. కాబట్టి ఆ నిమిషాన్ని పెన్సిల్‌తోనే రాసుకున్నాను.

ఏప్రిల్, మే నెలల్లో పరుగు నాలుగున్నరకే, అదీ 45 నిమిషాలు మించకుండా. ఎక్కువ సమయం ఈతకి ఇస్తాను, చేతులు 22కి రావాలి. గట్టి సైకిల్ సాధన వారానికి ఒకటే. ఫెరిటిన్ జూన్‌లో మళ్లీ చూపించుకోవాలి. తర్వాతి పరీక్ష ఆగస్టు మొదటి వారం, కాళీ గుడి దగ్గర. అప్పటికి నాకు 43 వస్తాయి, లెక్క ప్రకారం 132. పోలిక చెడకూడదు కాబట్టి ఆ ఒక్క రోజుకి 133తోనే పరుగెత్తుతాను.